కొసమడి తడిసేదాకా

జిల్లేళ్లకుంట నీరటి పోచయ్య కాలనీ ఇళ్ల ముందు నిలబడి బియ్యం అడుక్కుంటున్నాడని ఊళ్లో పుకారు లేచింది. అడుక్కోవడమట! ఆ మాట పుట్టించినవాడి నోరు పడిపోను. పోచయ్య బుద్ధెరిగినప్పటి నుంచీ ఒకరి ముందు చెయ్యి చాచింది లేదు. అతను చేస్తున్నది వేరే పని. అదేమిటో ఊరికి తెలుసు, తెలిసీ తెలియనట్టు నటిస్తోంది. కాలనీకి తెలియదు, తెలిసినట్టు తల ఊపుతోంది. ఈ రెండింటి మధ్యా పోచయ్య బుర్ర మాత్రం గిర్రున తిరిగిపోతోంది.

నీరటి అంటే చెరువు తూము తెరిచి, మూసి, దాని కింది ఆయకట్టులో ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసే మనిషి. పోచయ్య తాత నీరటి, తండ్రి నీరటి, తనూ నీరటే. లింగంపల్లి స్టేషన్ నుంచి కొండాపూర్ వైపు వచ్చే దారిలో పక్కకు దిగితే ఆ కుంట కనబడుతుంది. దాని కింద పంతొమ్మిది మంది రైతులు ఉండేవారు. నీళ్ల దగ్గర తలకాయలు పగిలిన ఊళ్లు ఆ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి గానీ ఇక్కడ ఒక్కటీ పగల్లేదు. అదెట్లాగని అడిగితే అంతా చెరువు కట్టను కాచే అమ్మవారు కట్ట మైసమ్మ మహిమ అంటాడు పోచయ్య.

పద్ధతి ఇదీ. తూము తెరవాలంటే ఆయకట్టులో ప్రతి ఇంటి నుంచీ పిడికెడు బియ్యం రావాలి. పదెకరాల ఆసామికీ, పది గుంటల పేదకీ ఒకటే పిడికిలి. ఎవరి చేత్తో వాళ్లే పోచయ్య కుండలో పోసి "కట్ట మైసమ్మ సాక్షి" అనాలి. ఆదివారం నాడు ఆ బియ్యంతోనే అమ్మవారికి బోనం వండాలి. ఒక్క ఇంటి పిడికెడు తగ్గినా బోనం పొయ్యెక్కదు, తూము తెరుచుకోదు. అందుకే ఎవరికి ఎవరితో తగాదా ఉన్నా ఆ ఆదివారం లోపల తేల్చుకుని తీరాల్సిందే. పిడికెడు పోసిన మనిషి పార పట్టుకుని కాలువ బాగుచెయ్యడానికి రావాలి. దొంగచాటుగా గట్టు తెంపకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లు మొదట కొసమడికి, అంటే చిట్టచివరి పొలానికి పారాలి. కొసమడి తడవనిదే తూము మూయమని ఎవరూ అడగకూడదు. అడిగితే మైసమ్మ ఊరుకోదు.

పోచయ్యకు పాతికేళ్లప్పుడు ఒక పెద్దాసామి తన మడి నిండగానే తూము మూయమని కర్ర పట్టుకుని కట్ట మీదికి వచ్చాడు. పోచయ్య తూముకు అడ్డంగా నిలబడ్డాడు. "కొడితె కొట్టుండ్రి దొరా. మూయమని మాత్రం మైసమ్మకు చెప్పుండ్రి, నాకు కాదు" అన్నాడు. ఆసామి పసుపు పూసిన మైసమ్మ రాయి వంక చూశాడు, పోచయ్య వంక చూశాడు, కర్ర దించి ఇంటికి పోయాడు. ఆ సంగతి తల్చుకుంటే పోచయ్యకు ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతుంది. ఉబ్బదా మరి!

అదంతా ఒకప్పుడు. మాదాపూర్ దిక్కున గుండ్రటి పెద్ద భవనానికి అద్దాలు బిగిస్తున్న ఏడాది వచ్చేసరికి పంతొమ్మిది మందిలో పద్దెనిమిది మంది అమ్మేసుకున్నారు. వరిమళ్లలో సున్నం పూసిన హద్దురాళ్లు లేచాయి. ఒక పెద్ద ముక్కను కంప్యూటర్ల కంపెనీ ఒకటి కొనుక్కుని చుట్టూ గోడ కట్టింది. మిగతాదంతా కాలనీ అయి కూర్చుంది: తొమ్మిది ఇళ్లు, ఆ పక్కన బోలెడు ఖాళీ ప్లాట్లు. కాలువను చదును చేసి దానిమీద రోడ్డు పోశారు. కొసన కిష్టమ్మ రెండెకరాలు మాత్రం మిగిలాయి.

కిష్టమ్మకు అరవై దాటాయి. భర్త పోయి చాలా ఏళ్లయింది. వానలను నమ్మి నాటు వేసింది. వానలు బాగానే కురిసి కుంట కూడా నిండింది. తీరా దసరా వెళ్లి వరి పొట్టకొచ్చే వేళకు ఆకాశం మొండికేసింది. పొలం నెర్రెలు విచ్చింది.

"ఒరే పోచిగా, ఒక్క నిండు తడి ఇస్తే పంట ఇంటికొస్తది. లేకుంటె పశులకేసుడే" అంది కిష్టమ్మ, నడుం మీద చేతులు పెట్టుకుని. "కుంట నిండ నీళ్లు వెట్టుకొని నా పొలం ఎండవెడతవారా?"

తూము తెరవడం పోచయ్యకు చిటికెలో పని. కానీ పిడికిళ్లేవీ? కావలసినవి పంతొమ్మిది, ఉన్నది కిష్టమ్మదొకటి.

"ఇగ ఎవలున్నరని పిడికిళ్లు? నువ్వు, కిష్టక్క పోయి తెర్వుండ్రి" అంది భార్య నీలమ్మ.

"తక్కినోళ్లను అడగకుంట తెరిస్తె దొంగతనమైతది."

"వాళ్లు అమ్ముకున్నరు గదయ్యా!"

"భూమి అమ్ముకున్నరు. పిడికెడు గుడ అమ్ముకున్నరా?"

నీలమ్మ విసుక్కుంటూ కుండ తెచ్చి ఇచ్చింది.

పోచయ్య కుండ చంకన పెట్టుకుని ముందు నర్సయ్య ఇంటికి పోయాడు. ఆయకట్టులో మొదటి మడి ఒకప్పుడు నర్సయ్యదే. ఇప్పుడు రెండంతస్తుల ఇల్లు కట్టి, కిందిది కిరాయికిచ్చి, పైన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మడి లేకపాయె, నీళ్లతోని పని లేకపాయె. నాకెందుకు పోచయ్యా ఈ పిడికెడు?"

"నీకు కాదు నర్సన్నా, మైసమ్మకు."

"మైసమ్మకైతే యాటను కోస్త, ఫికర్ జెయ్యకు. పిడికెడు మాత్రం పొయ్య. రేపు ఆ కొన్నోడొచ్చి, నా భూమి మీద నీ పెత్తనమేందని గల్ల వడితే? అమ్మినోన్ని నన్నడుగుతవేంది, పోయి కొన్నోన్నడుగు."

పోచయ్యకు దిమ్మ తిరిగింది. మేకపోతునిస్తాడట, పిడికెడు బియ్యం ఇవ్వడట! ఇదెక్కడి చోద్యమమ్మా అనుకుంటూ మెట్లు దిగాడు. మిగతా వాళ్లు కూడా అటూ ఇటూగా అదే మాటన్నారు. ఒకాయన తలుపే తియ్యలేదు. సాయంత్రం దాకా ఆలోచించగా ఆలోచించగా నర్సయ్య మాటే న్యాయంగా తోచింది. భూమి ఎవరిదైతే పిడికిలీ వాళ్లదే. అంటే ఇప్పుడు జిల్లేళ్లకుంట రైతులు ఈ కాలనీ వాళ్లన్నమాట! పోచయ్య ఒక్కసారి పైకే నవ్వాడు. తర్వాత భయపడ్డాడు. ఆ తర్వాత కుండ ఎత్తుకుని కాలనీకి బయల్దేరాడు.

అక్కడ మొదలైంది అసలు గందరగోళం. ఒకప్పుడు ఒకే రైతుదైన మడిలో ఇప్పుడు నాలుగు ఇళ్లున్నాయి. నాలుగు పిడికిళ్లు తీసుకోవాలా, ఒకటా? నాలుగు తీసుకుంటే ఆ మడికి నాలుగింతల హక్కు వచ్చేస్తుంది, పక్కవాడికి అన్యాయం. వేపచెట్టు కింద కూర్చుని బుర్ర గోక్కుని, ఇంటికి నాలుగు గింజల చొప్పున తీసి అన్నీ కలిపి ఒక పిడికిలి అనిపించాడు. ఖాళీ ప్లాట్ల వాళ్లు ఏ ఊళ్లో ఉంటారో ఆ దేవుడికే తెలియాలి. దానికి పాత పద్ధతి ఒకటుంది. మనిషి ఊళ్లో లేకపోతే గట్టు పక్కవాడు అతని తరఫున పోయొచ్చు. ఇక్కడ గట్లు లేవు, ప్రహరీ గోడలున్నాయి. సరే, గోడ పక్కవాడు అనుకున్నాడు.

కాలనీలో చిట్టచివరి ఇల్లు రామబ్రహ్మం గారిది; ఆ పాత మడిలో ఇల్లు అదొక్కటే. గోదావరి జిల్లా మనిషి, ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరై, ఇక్కడ సొంత ఇల్లు కట్టుకున్నారు. ఇంటి వెనక గోడకు ఆవలే కిష్టమ్మ పొలం. ఆయన భార్య కనకలక్ష్మి గ్లాసు నిండా బియ్యం తెచ్చి కుండలో పోయబోతే పోచయ్య గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా, పిడికెడే. ఎక్కువ పోస్తె ఎక్కువ నీళ్లడిగినట్టైతది."

"ఇదేం విడ్డూరం నాయనా! ఎక్కువిస్తే వద్దనేవాణ్ణి నిన్నే చూశాను" అని ఆవిడ నవ్వి పిడికెడు పోసింది. పక్కనున్న ఖాళీ ప్లాట్ల తరఫున కూడా పోయించాడు.

"ఏ గుడికయ్యా?" అన్నారు రామబ్రహ్మం పేపరు పక్కన పెట్టి.

"గుడి లేదు సార్. కట్ట మైసమ్మ. ఆదివారం తూము తెరుస్తున్నం. తమరు పార వట్టుకొని రావాలె."

"ఓహో, శ్రమదానమా! మంచిది మంచిది" అన్నారాయన.

"కట్ట మైసమ్మ సాక్షి అనుండ్రి అమ్మా."

కనకలక్ష్మి భక్తిగా కళ్లు మూసుకుని ఆ మాట అంది. మిగతా ఇళ్లలో చాలామందికి ఆ మాట చెప్పించడానికి మొహమాటపడి పోచయ్య తనే అనేశాడు. వాళ్లు సరే సరే అని తలుపులేసుకున్నారు. నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో ఎవరూ అడగలేదు, పోచయ్య చెప్పలేదు. పిడికెడు పోసిన రైతుకు తన మడిలోకి నీళ్లొస్తాయని వేరే చెప్పాలా? పోచయ్య యాభై ఎనిమిదేళ్ల బతుకులో ఏ రైతుకూ అట్లా చెప్పాల్సిన అవసరం పడలేదు.

కంపెనీ గేటు దగ్గర ఓంకార్ అనే కాపలా మనిషి ఆపాడు. పక్క ఊరివాడే.

"ఎవరిని కలవాలె?"

"భూమోన్ని."

"గట్లాంటోళ్లు ఈడ ఎవరు లేరు తాతా. మేనేజర్లుంటరు."

ఓంకార్‌కు జాలేసి తన టిఫిన్ డబ్బా తెరిచి అన్నం ఇవ్వబోయాడు. వండిన అన్నం పనికిరాదని పోచయ్య గోల పెట్టాడు. చివరికి ఓంకార్ క్యాంటీన్‌కు పోయి పిడికిట్లో సన్నబియ్యం పట్టుకొచ్చాడు. క్యాంటీన్ వంటమనిషి పిడికిలి కంపెనీ పిడికిలి అవుతుందా, కాదా? ఇది పోచయ్యకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వని ప్రశ్న. అవుతుందనే అనుకున్నాడు, మరేం చేస్తాడు పాపం. మొత్తానికి పంతొమ్మిది పూర్తయ్యాయి.

ఆదివారం పొద్దున్నే నీలమ్మ కట్ట మీద బోనం వండింది. కిష్టమ్మ పసుపు కుంకాలు పెట్టింది, పోచయ్య కోడిని కోశాడు. పారలు పట్టుకుని రైతులొస్తారని ముగ్గురూ ఎండెక్కే దాకా ఎదురు చూశారు. ఒక్క నరమానవుడు రాలేదు. "కొత్త రైతులు గద, అలవాటు లేదు" అని పోచయ్యే వాళ్ల తరఫున సర్దిచెప్పాడు. కిష్టమ్మ పొలానికి పరుగెత్తింది. పోచయ్య నడుం లోతు నీళ్లలో దిగి, తూము నోట్లో బిగించిన కర్ర ఊడబెరికి, నీలమ్మను అక్కడ కాపలా పెట్టి, కాలువ లేనిచోట తనే దారి చూపొచ్చనుకుని, పార భుజాన వేసుకుని నీళ్లకు ముందు నడిచాడు.

కంపెనీ గోడ వెంట పాత కాలువ ఇంకా కాస్త మిగిలే ఉంది, నీళ్లు బుద్ధిగానే వచ్చాయి. కాలనీ దగ్గర కాలువ ఆగిపోయి రోడ్డు మొదలైంది. నీళ్లు ఒక్క క్షణం తటపటాయించి రోడ్డెక్కాయి. మోకాళ్లు మడిచి మెట్ల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. స్కూటర్ల చక్రాలు మునిగాయి. ఒకరి గుమ్మం ముందు ముగ్గు కొట్టుకుపోయింది. పైపు పగిలిందని ఒకరు, కుంట తెగిందని ఒకరు కేకలు వేశారు. నీళ్లు అన్ని ఇళ్లూ దాటి తిన్నగా రామబ్రహ్మం గారి గేట్లోంచి లోపలికి దూరి, వెనక గోడకు తగిలి, పోయే దారి లేక పెరట్లో పైపైకి లేవసాగాయి. రెండు నెలల కింద కట్టిన గోడ అది, రాయిలా ఉంది. గోడ అవతలి నుంచి కిష్టమ్మ గొంతు వినబడుతోంది: "ఏవిరా నీళ్లు? పోచిగా! ఏడ సచ్చినవ్ రా?"

కాలనీ సంఘం కార్యదర్శి వెంకట్ ప్యాంటు పైకి మడిచి నీళ్లలో పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరయ్యా నువ్వు? ఎవరి పర్మిషన్‌తో వదిలావ్?"

"తమరి పర్మిషన్‌తోనే సార్. మీ ఇంట్లకెల్లి నాలుగు గింజలొచ్చినయి."

"గింజలేమిటి?"

"నేనే ఇచ్చానండీ" అంది వెంకట్ భార్య ఆమని మెట్ల మీది నుంచి, చిన్న గొంతుతో. "ఏదో పూజకనుకున్నాను."

"సరే, ఇప్పుడు చెబుతున్నా. వెళ్లి మూసెయ్. ఇక్కడ అందరం చెబుతున్నాం."

"మూసెయ్! ముందు మూసెయ్!" అన్నారు అందరూ.

పోచయ్య నడిరోడ్డు మీద, మోకాళ్ల దాకా నీళ్లలో, పార పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. వీళ్లంతా పిడికిలి పోసినవాళ్లు, మాట చెప్పే హక్కున్నవాళ్లు. కానీ కొసమడి తడవనిదే మూయమనే హక్కు ఎవరికీ లేదు. ఆ సంగతి వీళ్లకు తెలియదు. తెలియకుండా పెట్టిన ఒట్టు ఒట్టేనా? సగం మంది తరఫున ఒట్టు తనే పెట్టాడాయె! కర్ర పట్టుకొచ్చిన ఆనాటి ఆసామికి మైసమ్మంటే ఎవరో తెలుసు, అందుకే జడిశాడు. వీళ్లకెవరి పేరు చెప్పాలి? మూస్తే కిష్టమ్మ పంట పోయినట్టే. మూయకపోతే వీళ్ల ఇళ్లు మునిగినట్టే. తప్పెవరిది తల్లీ, నాదా, వీళ్లదా, నీదా అని లోపల లోపలే ఏడ్చాడు. ఏడ్చి, వెనక్కి తిరిగి, కట్ట వైపు రెండడుగులు వేశాడు.

"ఆగు నాయనా" అంది కనకలక్ష్మి.

చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. గోడ అవతలి కేకలు ఇంతసేపూ వింటున్నట్టుంది. "ఆవిడెవరు?"

"కొసమడి రైతమ్మా. ఒక్క తడి లేక పొలం ఎండుతున్నది. నీళ్లు ముందుగాల ఆమెకు పోవాలె. గోడ అడ్డమొచ్చింది."

"శివారు పొలమా?"

"ఔనమ్మా."

కనకలక్ష్మి వెనక గోడ వంక చూసింది. "మా నాన్నదీ శివారు పొలమే" అంది. "కాలవ నీళ్లు పైవాళ్లు తోడుకోగా మిగిలితే మాకు. మిగిలేవి కావు. మా నాన్న రాత్రీ పగలూ కాలవ గట్టు మీదే కూర్చునేవాడు, పిచ్చివాడిలా. ఏవండీ, ఆ గునపం తీసుకురండి."

"కనకం! కొత్త గోడే!" అన్నారు రామబ్రహ్మం.

"బియ్యం నా చేత్తో పోశాను, సాక్షి అన్నాను. తెలియక ఇచ్చినా ఇచ్చినట్టే కదండీ. ఇల్లంతా ఎలాగూ నీళ్లపాలైంది, ఆవిడకైనా ఉపయోగపడనివ్వండి."

రామబ్రహ్మం భార్య ముఖం చూశారు, గోడ చూశారు, చుట్టూ మూగిన జనాన్ని చూశారు. గొణుక్కుంటూనే గునపం తెచ్చారు. పోచయ్య అందుకోబోతే ఇవ్వలేదు. "నా గోడ, నేనే పగలగొట్టుకుంటాను" అని అడుగున పొడిచారు. మొదటి దెబ్బ జారింది. పదో దెబ్బకు ఇటుక కదిలింది. నాలుగు ఇటుకలు ఊడి పడేసరికి నీళ్లు బుడబుడమంటూ ఆ కన్నంలోంచి అవతలికి దూకాయి. గోడ వెనక కిష్టమ్మ ఒక్క కేక పెట్టింది. పెరట్లో నీళ్లు చూస్తుండగానే తగ్గాయి. వెంకట్ పేజర్ జేబులో పెట్టుకుని, ఎవరికి ఫోన్ చెయ్యాలో తోచక, పోచయ్య చెప్పినచోట మట్టి కట్టలు వేయడానికి సాయం చేశాడు.

పోచయ్య చుట్టూ తిరిగి పొలంలోకి పోయేసరికి కిష్టమ్మ మడి మధ్యలో నిలబడి ఉంది. పాదాలు మునిగే నీళ్లు. నెర్రెలు బుడగలు కక్కుతూ మూసుకుంటున్నాయి. ఆమె కళ్ల వెంట ధారగా నీళ్లు కారుతున్నాయి. పోచయ్యకు ఆనందం పట్టశక్యం కాలేదు.

"చూసినవా అక్కా! మైసమ్మను నమ్మినోళ్లు పిడికెడు ఇయ్యకపాయె, పేరు తెల్వనోళ్లు గోడ పలగ్గొట్టిరి! నాకైతే ఏం సమజైతలేదు. వచ్చే ఏడు ఆ సార్‌ను బతిమాలి గోడకు చిన్న తూము పెట్టిద్దం. కాల్వకు రోడ్డు పక్కపొంటి..."

"పోచిగా" అంది కిష్టమ్మ. "నేను గుడ అమ్మిన."

"ఎప్పుడు?" అన్నాడు పోచయ్య.

"సంతకం పెట్టి రెండు నెల్లాయె. పంట కోసుకున్నంక అప్పజెప్పాలె. నీకు చెప్తె పిడికిళ్లకు తిరుగుతుంటివా?"

"తిరగకపోదును!" అని అరిచాడు పోచయ్య. "ఇంత మందిని ఆగం పట్టించిన! వాళ్ల ఇండ్లు ముంచిన! ఆ సార్ గోడ పాయె!"

"తిట్టు, నీకు హక్కున్నది. ఒక్కదాన్ని ఎన్నేండ్లని కాపాడుకోవాలె రా? ఆఖరి పంట, ఇదొక్కటి నా చేత్తోని కోసుకోవాల్నని ఉండె. గంతే."

పోచయ్య తిట్టలేదు. గట్టు మీద కూలబడ్డాడు. నీళ్లు అవతలి గట్టును తాకడం చూశాడు. ఎవరిని అడుగుతున్నాడో తనకే తెలియనట్టు అన్నాడు: "కొసమడి తడిసినంకనే తూము మూయాలె గదా. కొసమడే లేకుంటె ఎప్పుడు మూయాలె అక్కా?"

"ఇగ తెరిస్తె గద మూసుడు" అంది కిష్టమ్మ.

మడి నిండింది. పోచయ్య పార భుజాన వేసుకుని కాలనీ మీదుగా కట్ట ఎక్కాడు. తూము దగ్గర నీలమ్మ "నిండిందా?" అని అడిగితే తల ఊపాడు. కర్ర అందుకున్నాడు గానీ నీళ్లలోకి దిగలేకపోయాడు. నీలమ్మ రెండుసార్లు పిలిచింది, మూడోసారి కసిరింది. అయినా కదల్లేదు. చివరికి నీలమ్మే చీర ఎగ్గట్టి, అతని చేతిలోంచి కర్ర గుంజుకుని, నీళ్లలో దిగి తూము మూసింది.